చవక మైకులో నాయిన గొంతు

నేను మేడ్చల్‌లో పెళ్లి వీడియోలు తీస్తుంటాను. శ్రీరామనవమికి దేవరయాంజాల్ గుడిలో నాయిన పాడే భజన రికార్డు చేద్దామని నిరుడు ఓ చవక స్టీరియో మైకు కొన్నాను.

"ఎవలు ఎటుదిక్కు మాట్లాడితే అటుదిక్కే ఇనబడ్తది అన్నా" అన్నాడు షాపాయన. ఆ ధరకు అంత పనితనమా అని నేను నమ్మలేదు.

ఇంటిముందు కెమెరాకు తగిలించి, నాయినను ఎడమవైపు కూర్చోబెట్టి మాట్లాడమన్నాను. ఆయన గొంతు సవరించుకునేలోగా కుడివైపు వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"చాయ్ సల్లగైతాంది, జల్దీ రా!"

"వస్తున్న, ఆగరాదే!" అన్నాడు నాయిన.

పండగకు వారం ముందు ఆయన గుండె ఆగిపోయింది. భజన దక్కలేదు. ఆ కాస్త ముక్కే మిగిలింది.

దినాలయ్యాక అమ్మ చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించాను. "వస్తున్న" అన్న మాట వినగానే అమ్మ గబుక్కున ఎడమవైపు తిరిగి చూసింది.

మంచి మైకే కొన్నానని నాకప్పుడు తెలిసింది.