రెండు చీట్లు

రొమ్ము ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ రెండు హార్మోన్ మాత్రలు చెప్పింది. ఒకటి క్యాన్సర్ తిరిగి రాకుండా కాస్త ఎక్కువ కాపాడుతుంది కానీ కీళ్ళ నొప్పులు పెడుతుంది. రెండోదానితో ఒంట్లో ఆవిర్లు వస్తాయి. ఏది వాడాలో నన్నే తేల్చుకోమంది.

నొప్పుల మాత్ర వద్దని వారం రోజులు ఇంట్లో అందరితో వాదించాను. విసిగిపోయిన అత్త దేవుడి ముందు చీట్లు వేయించింది. రాసింది మా ఆయన. నేను తీసినదాంట్లో నొప్పుల మాత్ర పేరుంది. అత్త అటు పోగానే రెండోదీ విప్పాను. అదే పేరు!

"దేవునికే టోపీ పెడ్తివా ఏందయ్యా?"

"నీతో వాదించి గెలిచినోడు మార్కాపురంలో ఉన్నాడా? నొప్పులొస్తే కాళ్ళు నేను పిసుకుతాలే. నువ్వుంటే చాలు."

ఆ మాత్రే మొదలుపెట్టాను. అత్తకు మాత్రం దేవుడే చెప్పాడన్నాను.