టిష్యూ పొట్లం పెట్టిన చోటు

మా మనవరాలి స్కూల్లో డిసిప్లిన్ చూసే సార్ పోయారు. మొన్న పొద్దున్న స్కూలు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ నంబరు చూస్తే నాకు ఇప్పటికీ భయమే. "ఆంటీ, పిల్ల బాగానే ఉంది" అంది టీచరు ముందుగా. హమ్మయ్య అన్నాను. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆ హమ్మయ్య ఇంకా నా నోట్లో చేదుగానే ఉంది.

నేను చదివింది నాలుగో తరగతి. ఈ పరాయి దేశంలో, టోవా పాయో పేటలో మా ఫ్లాట్ తలుపు తాళం వేసి, లిఫ్ట్ దాకా వెళ్లి, వేశానో లేదోనని మళ్లీ వెనక్కి వస్తాను. అంత భయస్తురాలిని కాబట్టే ఒక కాగితం దాచాను.

పిల్లకి ఆటిజం అని డాక్టరు రాసిచ్చిన కాగితం అది. మా అమ్మాయి నర్సు. డ్యూటీకి పోతూ, "స్కూల్లో ఇచ్చెయ్యమ్మా" అని నా చేతిలో పెట్టింది. ఇస్తే పిల్లని వేరే స్కూలుకి పంపేస్తారేమోనని బియ్యం డబ్బా కింద పెట్టేశాను. ఇచ్చానని అబద్ధం చెప్పాను.

మూడో తరగతిలో ఉండగా క్యాంటీన్లో మా పిల్ల ఇంకో పాపని తోసేసింది. వేడి నూడుల్స్ పడి ఆ పాప చెయ్యి కాలింది. సస్పెన్షన్ అన్నారు. అసలు స్కూల్లోనే ఉంచొద్దని ఆ పాప తల్లి పట్టుబట్టింది. మా అమ్మాయికి సెలవు దొరకలేదు. ఆ కాగితం సంచిలో పెట్టుకుని సార్ గదికి నేనే వెళ్లాను. పెట్టుకున్నాను గానీ, బయటికి తీసే ధైర్యం లేదు.

సార్ వాళ్ల తాతలు ఎప్పుడో మన వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆయన తెలుగులో సగం తమిళం.

"తోసిందని అందరూ చెప్పినారు ఆంటీ. దానికి ముందు ఏమైంది? అది ఒక్కరూ చెప్పలే."

నా పక్కనున్న పిల్ల గోడకేసి చూస్తూ, "మై ప్లేస్ లా" అంది, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. రోజూ తను కూర్చునే చోట ఆ పాప కూర్చుందట. అంతే.

నాకు ఏడుపు ఆగలేదు. కాగితం తీసిచ్చాను. సార్ రెండుసార్లు చదివారు. కేకలేస్తారనుకున్నాను.

"నేను మాట్లాడుతుంటే చెవులు మూసుకునిందని, పొగరనుకుని నేనే ఎన్నిసార్లో దీన్ని రీసెస్‌కి పోనీలేదు ఆంటీ" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "మీ అమ్మాయికి మీరే చెప్పండి. నేను చెప్పను" అన్నారు.

ఈ కాగితం చూడకుండా వేసిన శిక్ష న్యాయం కాదని ప్రిన్సిపాల్ దగ్గర వాదించారట. పిల్లని ఇంటికి పంపలేదు. అలాగని ఊరికే వదలనూ లేదు. ఆ పాప సరేనన్నాక, చెయ్యి మానేదాకా దాని ట్రే మా పిల్ల చేతే మోయించారు. పక్కన తనూ నడిచేవారు.

మా పిల్లకి ఒక టిష్యూ పొట్లం కూడా ఇచ్చారు. "హాకర్ సెంటర్లో తిండికి పోతే అందరూ కుర్చీ మీద టిష్యూ పెట్టి చోప్ చేస్తారు కదా, ఇది నా చోటు అని? నువ్వూ నీ చోట ఇది పెట్టు. అయినా ఎవరైనా కూర్చుంటే నన్ను పిలు. తొయ్యకూడదు."

"స్కూల్లో అలా చెయ్యకూడదని రూలేమైనా ఉందేమో సార్" అన్నాను, నా భయం నాది.

"ఉంటే పట్టుకోవలసింది నేనే కదా ఆంటీ!" అని నవ్వారు.

ఆయన గొంతు మెట్ల మీద నుంచే వినిపించేది. మా పిల్లతో మాత్రం కింద కూర్చుని, అది చూసే గోడనే తనూ చూస్తూ, మెల్లగా మాట్లాడేవారు.

ఆ సాయంత్రమే అమ్మాయికి చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బియ్యం డబ్బా జరిపి, "ఇంకేమైనా ఉన్నాయా?" అంది. పిల్ల ఇప్పుడు ఆరో తరగతి, అదే స్కూల్లో.

నిన్న బెడోక్‌లో సార్ వాళ్ల బ్లాక్ కింద, ఫ్లాట్ల అడుగున ఉండే ఖాళీ జాగాలో, చివరి చూపుకి ఆయన్ని ఉంచారు. జనం, కుర్చీలు, ఏడుపులు. పిల్ల ఎక్కడ కేక పెడుతుందోనని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్లింది. ముందు వరసలో ఖాళీగా ఉన్న ఎర్ర కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టి, వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎవరికే?" అన్నాను.

"సార్‌కి, అమ్మమ్మా."

జనం వస్తూనే ఉన్నారు. చివరికి ముసలివాళ్లు కూడా స్తంభాలకి ఆనుకుని నిలబడ్డారు. ఆ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.