చేతికంటిన తవుడు

మాది పిడుగురాళ్ల. నా పేరు తవిటమ్మ. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, మా అమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి, చారెడు తవుడు తీసుకుని పక్కింటి మస్తాన్‌బీ పెద్దమ్మకు అమ్మేసింది. పరాయివాళ్ల బిడ్డయితే చావు కన్ను పడదని అప్పటి నమ్మకం. "నా బిడ్డను నువ్వే సాకవే" అని పెద్దమ్మ నన్ను మళ్లీ అమ్మ ఒళ్లోనే పెట్టిందట. నేను బతికాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, పెద్దమ్మకు కొడుకు పుట్టాడు. అంతకు ముందు ఇద్దరు పోయారు. వాణ్ని చేటలో పెట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది.

"వీణ్ని నువ్వు కొనుక్కోవే చెల్లే. నీ పిల్లను నేను కొన్లా?"

అమ్మ నా వంక చూసింది. వాళ్లింటి కీడు నాకు చుట్టుకుంటుందని భయపడింది.

"తవుడు నిండుకుందక్కా," అంది.

నేను అప్పుడే గేదెకు కుడితి కలిపి వచ్చాను. మోచేతుల దాకా తవుడే. గబుక్కున చేతులు వెనక్కి దాచుకున్నాను. పెద్దమ్మ చూడనే చూసింది. "చల్లగా ఉండు తల్లీ" అని నా తల నిమిరి, చేట ఎత్తుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే పిల్లాడు పోయాడు.

తవుడు ఎవరినీ బతికించదని నాకిప్పుడు తెలుసు. మా మనవరాలు కడుపులో ఉండగానే దానికి ముద్దుపేరు వెతికిపెట్టారు. బతుకుతుందా అన్న మాటే ఎవరి నోటా రాలేదు. అయినా ఎవరన్నా "తవిటమ్మా" అని పిలిస్తే, నా చేతులు ఇప్పటికీ వెనక్కే పోతాయి.