ఆగి ఉన్న కారు రికార్డింగులో విన్నది

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకే. మేడ మీద గజ్జెల చప్పుడు వినిపిస్తోందని మా పిన్ని వణికిపోతుంటే, పైకి వెళ్లి నీళ్ల ట్యాంకు పైపుకి కొట్టుకుంటున్న తీగ చూపించి వచ్చినదాన్ని నేను. చప్పుడు ఉందంటే కారణం ఉండి తీరుతుంది. ఈ నమ్మకం మీదే ఉద్యోగం కూడా సంపాదించుకున్నాను.

మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉంటాం. ఒక కార్ల కంపెనీలో కార్ల చప్పుళ్లు, అదుర్లు కొలవడం నా పని. డాష్‌బోర్డు ఎక్కడో కిర్రుమంటుంది, స్పీడు పెరిగితే అద్దం ఈల వేస్తుంది. వాటి మూలం పట్టుకోవాలి. నేను కార్ల మాట తప్ప మనుషుల మాట విననని మా ఆయన దెప్పుతుంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆ కారు సంగతి చెప్పాలి. యాభై ఏళ్ల కిందట, భారీ ఇంజన్ల మజిల్ కార్లు అమెరికాలో రాజ్యమేలిన రోజుల్లో, మా కంపెనీ ప్రయోగం కోసం ఒక కొత్త రకం ఇంజన్ చేసింది. ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ-ఎయిట్, మొత్తం అల్యూమినియం. అప్పుడు ఇప్పటిలా కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్ చేయడం లేదు. చేత్తో గీసిన బొమ్మలు చూసుకుని పోత పోశారు. గాలి లోపలికి వెళ్లే దారుల్ని ఎవరో ఓపిగ్గా చేత్తోనే నునుపు చేశారు. వేలు పెట్టి తడిమితే ఏళ్ల తరబడి రుబ్బిన రోలులా ఉంటుంది. నేను ఎన్నో ఇంజన్లు చూశాను కానీ చూడగానే దణ్ణం పెట్టాలనిపించింది దీనికొక్కదానికే.

తర్వాత పెట్రోలు ధరలు, పొగ నిబంధనలు వచ్చి ఆ ప్రాజెక్టు ఆపేశారు. మిగతా ఇంజన్లన్నీ తుక్కుకి పోయాయి. ఆ ఇంజన్ ఉన్న కారు ఒక్కటి మాత్రం టెస్ట్ ట్రాక్ దగ్గర షెడ్డులో మిగిలింది.

రెండేళ్ల కిందట ఆ ఇంజన్ని నిలువునా కోసి, లోపలి భాగాలు కనిపించేలా కొత్త బిల్డింగ్ లాబీలో పెడదామన్నారు. స్టార్ట్ చేస్తే అడుగున టకటకమని కొట్టుకుంటోంది. ఇంజన్ లోపల తిరిగే ఇరుసుని మోసే క్రాంకు బేరింగ్ పోయిందని అందరి అనుమానం. దానికి స్పేర్ పార్టులు ఎక్కడా లేవు. నేను కొలిచి రిపోర్ట్ ఇవ్వాలి. బేరింగ్ పోయిందని రాస్తే కోత ఖాయం. నాకు ప్రాణం ఉసూరుమంది.

కొలిచే రోజున కారు నడపడానికి రే అనే పెద్దాయనని పిలిపించారు. రిటైరైన టెస్ట్ డ్రైవర్, ఎనభై దాటాయి. ఈ కారు నడిపినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. వస్తూనే బానెట్ మీద చెయ్యి వేసి నిమిరారు.

కారంతా మైకులు, సెన్సర్లు బిగించాను. ఆయన ట్రాక్ మీద మెల్లగా తిప్పుకొచ్చారు. చప్పుడు మాత్రం స్పష్టంగా ఉంది. బేరింగే అనిపిస్తోందని చెప్పేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. కోసేటప్పుడు మాత్రం తనని పిలవొద్దని అడిగారు.

కారు ఎదురుగానే ఆపి, షెడ్డు ముందు బల్ల మీద భోజనానికి కూర్చున్నాం. నేను తెచ్చిన పులిహోర పెడితే ఇష్టంగా తిన్నారు. కారు తాళం మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉంది. చుట్టూ పొలాలు, మంచి ఎండ. ట్రాక్ మీద ఇంకో కారు లేదు. రికార్డర్ ఆపడం మర్చిపోయానని సామాను సర్దుకునేటప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు.

మర్నాడు ఆఫీసులో, భోజనాల వేళ అనవసరంగా రికార్డయిన ఆ ఫైల్ తీసేద్దామనుకుంటూ ఒకసారి విన్నాను. మొదట్లో పక్షులు, దూరంగా మా మాటలు. తర్వాత ఇంజన్ స్టార్ట్ అయింది.

అదే ఇంజన్. ప్రతి ఇంజన్‌కీ మనిషి గొంతులాగా సొంత తీరుంటుంది, నాకది తెలుసు. గేరు మీద గేరు మారుస్తూ పూర్తి వేగానికి వెళ్లింది. టకటక లేదు. ఎంత శుభ్రమైన, నిండైన చప్పుడంటే, భయపడాల్సింది పోయి ముందు ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం తర్వాత వేసింది. ఎందుకంటే ఇంజన్ తిరుగుడు కొలిచే సెన్సర్ ఫైల్ పొడవునా సున్నా చూపిస్తోంది.

టైర్ల కింద కాంక్రీటు పలకల అతుకులు వరసగా తగులుతున్న చప్పుడు కూడా ఉంది. మా ట్రాక్ తారు రోడ్డు. వాకబు చేస్తే పూర్వం కాంక్రీటు ఉండేదని, నేను ఈ దేశానికి రాకముందే దాని మీద తారు వేశారని తెలిసింది.

పాత రికార్డింగ్ ఏదైనా కలిసిందేమోనని వెతికాను. ఈ ఇంజన్‌ది కంపెనీ దగ్గర ఒక్కటి కూడా లేదు. మెమరీ కార్డు కొత్తది. నా టీమ్‌లో సాహితి అని ఇక్కడే పుట్టిన అమ్మాయి ఉంది. ఆఫీసులో నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినమన్నాను. విని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"ఆంటీ, మైక్స్ మనవే. బట్ ఆ టైమ్‌లో కార్ ఆఫ్‌లో ఉంది కదా."

ఆ పిల్ల ఆంటీ అన్నప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది.

అయినా పని పనే. రే నడిపిన రికార్డింగ్‌నీ దీన్నీ పక్కపక్కన పెట్టి, తేడా ఏమిటో చూశాను. అప్పుడు పట్టుబడింది. ఆయన క్లచ్ నొక్కినప్పుడల్లా ఆ టకటక మారిపోతోంది. బేరింగ్ చప్పుడైతే క్లచ్‌తో మారదు. ఇంజన్ వెనక, క్లచ్‌కి ఆనుకుని ఉండే ఫ్లైవీల్ చక్రం బోల్టులు వదులైనా అచ్చం అలాగే కొట్టుకుంటుంది. బేరింగే అని ముందే తీర్మానించుకున్న నా చెవికి అది తట్టలేదు.

కోసేముందు ఒకసారి విప్పి చూడాలని పట్టుబట్టాను. పై వాళ్లు విసుక్కున్నారు. రెండో ఫైల్ సంగతి వాళ్లకి చెప్పలేదు, చెబితే నన్ను సెలవు మీద పంపేవాళ్లు. విప్పితే బోల్టులు వదులుగా ఉన్నాయి, బేరింగులు నిక్షేపంగా ఉన్నాయి. బిగించి స్టార్ట్ చేశాక ఇంజన్ తేనెటీగల పట్టులా హాయిగా పాడింది. కోత ఆగిపోయింది. ఇప్పటికీ అది నడుస్తూనే ఉంది.

ఆ వార్త చెప్పడానికి రేని ట్రాక్‌కి పిలిచాను. నా కారులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఎక్కడిదో చెప్పకుండా ఆ ఫైల్ వినిపించాను. కాసేపటికి ఆయన కుడి చెయ్యి మోకాలి మీద కదలడం మొదలైంది. ప్రతి గేరుకీ చప్పుడు మారడానికి ముందే చెయ్యి కదులుతోంది.

"ఇప్పుడు వంపు వస్తుంది," అన్నారు. "నాకు భయమేసి కాలు కొంచెం తీశాను."

హెడ్‌ఫోన్స్ బయటికి కూడా వినిపించేంత చప్పుడది. సరిగ్గా అప్పుడే తగ్గి, మళ్లీ పుంజుకుంది.

అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పారు. ప్రాజెక్టు ఆపేశామని చెప్పిన రోజట అది. కారు షెడ్డులో పెట్టేయమంటే, పెట్టేముందు ఎవరినీ అడక్కుండా ఒక్క రౌండు పూర్తిగా తొక్కి నడిపారట. ట్రాక్ మీద ఎవరూ లేరు. ఉద్యోగం పోతుందని భార్యకి కూడా చెప్పలేదట.

చనిపోయినవాళ్ల గురించి జనం ఏవేవో చెబుతారు. ఈయన బతికే ఉన్నారు, నా పక్కనే ఉన్నారు. ఆ రోజు భోజనాల వేళ పులిహోర తింటూ నా ఎదురుగా కూర్చున్నారు. ఇది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇదెక్కడిదని ఆయనా అడగలేదు. అద్దంలోంచి ట్రాక్ వైపు చూస్తూ, "ఇంత గొప్ప ఇంజన్ని ఎవరూ వినకుండానే మూలన పడేస్తున్నారే అని ఆ రోజు ఏడ్చాను," అన్నారు.

"నేను విన్నాను రే," అన్నాను.