నూకయ్య మళ్లీ పడవెక్కాలంటే

బుడగట్లపాలెం నూకయ్య మీసం రాకముందే పడవెక్కాడు. నీటి రంగు చూసి చేప ఎటు తిరుగుతోందో చెప్పేవాడట. అలాంటి మనిషి కిందటి వానాకాలం నుంచి ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. షుగరు పడిపోయి నడిసముద్రంలో స్పృహ తప్పాడు మరి. పడవ గంగరాజుది. స్వయానా బావమరిదైనా అతను తెగేసి చెప్పాడు: "సుగరెంతున్నాదో నీటిమీదే తెలిసే దారుంటే రా బావా. నేకపోతే ఒడ్డునే ఉండు."

కొట్లో కొన్న షుగరు స్ట్రిప్పుల్లో చక్కెరను గుర్తుపట్టే ఎంజైము ఉంటుంది. పడవలో ఎండకూ తేమకూ అది చెడిపోయి తప్పు అంకె చూపించేది.

నూకయ్య కూతురు దుర్గ ఎచ్చెర్ల యూనివర్సిటీలో రసాయన శాస్త్ర పరిశోధన చేస్తోంది. హాస్టల్లో మాది ఒకే గది. దుర్గ ఎంజైము బదులు రాగి ఆక్సైడు నానో కణాలు పూసిన స్ట్రిప్పు తయారుచేసింది. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండని కణాలు! రక్తంలోని చక్కెర తగిలితే వాటిమీద సన్నని కరెంటు పుడుతుంది. ఎంత చక్కెరో ఆ కరెంటే చెబుతుంది. ఎండకు చెడవు, తేమకు చెడవు.

ఆ స్ట్రిప్పుల డబ్బా వారంపాటు గంగరాజు పడవలో సముద్రం తిరిగింది. పడవ ఒడ్డుకొచ్చిన ఉదయమే పరీక్ష; నేనూ వెళ్లాను. నర్సు తాయారు తన మీటరుతో ముందే చూసింది: నూట నలభై రెండు. అంతలో పడవ కనిపించగానే నూకయ్య ఆగలేక చేపలు దించడానికి పరుగెత్తాడు. దుర్గ పిలిస్తే అలాగే వచ్చి వేలు చాపాడు.

దుర్గ మీటరులో నాలుగు వందల పది!

"ఓలమ్మో! బావ ఒంట్లో పంచదార పాకమున్నాదేటే?" గంగరాజు నవ్వాడు.

దుర్గ ముఖం పాలిపోయింది. నూకయ్య తలవంచుకుని చేతులు లుంగీకి తుడుచుకోబోయాడు. వేళ్లనిండా ఎర్రటి జిగట.

"నానా, ఆ నెత్తురు నీది కాదు! ఏటి పట్టుకున్నావ్?"

"వంజరం. మొప్పల కాడ పట్టి లాగినానమ్మా."

"అయితే మనం సూసింది వంజరం సుగరు!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. "దానికీ మాత్రలిస్తాను, తెండి," అంది తాయారు.

సబ్బు, మంచినీళ్లు, బాగా ఆరిన వేలు, కొత్త చుక్క. అందరం మీటరు మీదికి వంగాం.

నూట నలభై ఎనిమిది!

దుర్గ ఇసుకలో గెంతులేసింది. "మావా, ఇది మొదటి పరీచ్చే, ఇంకా సానా సూడాల," అంటూనే గెంతుతోంది.

"రేపు ఒడ్డు కనబడినంత దూరమే ఎల్దాం. గంటగంటకీ సూసుకోవాల. ఇనబడతన్నాదా బావా?" అన్నాడు గంగరాజు.

నూకయ్య అప్పటికే పడవలో ఉన్నాడు. రేపటిదాకా కదలని పడవ అది. ఎంత పిలిచినా దిగలేదు.