క్యాచర్‌కు పడిన ఆబ్సెంట్

2023లో నేను భిలాయిలోని ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతూ, అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు ఇన్‌చార్జిగా కూడా ఉన్నాను. కాంట్రాక్టు కోచ్ మానేశాక ఇంకొకరిని వేయలేదు. "మీరు క్రికెట్ చూస్తారట కదా" అంటూ ప్రిన్సిపాల్ ఆ పని నా నెత్తిన పెట్టారు. రెండు ఆటలకూ పోలిక లేదని ఎంత చెప్పినా వినలేదు.

జట్టుకు ప్రాణం సునీత. బీఎస్సీ రెండో ఏడు. తండ్రి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. ఆ అమ్మాయి క్యాచర్, అంటే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని, విసిరిన ప్రతి బంతినీ పట్టే మనిషి. ఆ ఏడు యూనివర్సిటీల పోటీలూ, ఆమె కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షా ఒకే వారంలో పడ్డాయి.

"మేడమ్, ప్రాక్టికల్ పోతే ఏటవుద్ది?" అని అడిగింది.

"ఆన్ డ్యూటీ రాయిస్తాను. నేను చూసుకుంటాను, నువ్వు ఆడు" అన్నాను. ఆన్ డ్యూటీ ఉంటే కాలేజీ తరఫున వెళ్లినవాళ్లకు హాజరు వేసి, తప్పిన పరీక్ష మళ్లీ పెడతారు.

ఆన్ డ్యూటీ అడుగుతూ రాసిన ఉత్తరం ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చి, జట్టుతో రైలెక్కాను. క్వార్టర్ ఫైనల్ దాకా ఆడి తిరిగొచ్చేసరికి ప్రాక్టికల్ మార్కుల జాబితాలో సునీత పేరుకెదురుగా ఆబ్సెంట్. కెమిస్ట్రీ విభాగాధిపతి "ప్రిన్సిపాల్ సంతకం ఏదీ?" అన్నారు. ప్రిన్సిపాలేమో "ముందు విభాగం సిఫారసు చేయాలి కదా" అన్నారు. నాలుగు రోజులు ఆ రెండు గదుల మధ్య తిరిగాను. ఐదో రోజు మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి, ఇక మార్చడానికి లేదు. గేటు మీద ఫ్లెక్సీలో మాత్రం పెద్దగా సునీత ఫోటో, పక్కన ప్రిన్సిపాల్ అభినందనలు!

"మీరు సూసుకుంటానన్నారు కదేటి మేడమ్" అంది సునీత. గొంతు పెంచలేదు. "పాపాకో క్యా బోలూఁ? నాన్నకేటి సెప్పను? ముందే వద్దన్నాడు."

మరుసటి ఏడు సునీత తన జూనియర్లతో కలిసి ఆ ప్రాక్టికల్ చేసి పాసైంది. బతిమాలినా జట్టులోకి మాత్రం తిరిగి రాలేదు.

ఆ ఏడు కూడా పోటీలు పరీక్షల మీదే పడ్డాయి. సంతకాలయ్యేదాకా జట్టును స్టేషన్‌కు తీసుకెళ్లనని ప్రిన్సిపాల్ గదిలోనే కూర్చున్నాను. "ఇదేం మొండితనం మేడమ్?" అని విసుక్కుంటూనే ఆయన విభాగాధిపతిని పిలిపించారు. పది నిమిషాల్లో ఇద్దరూ సంతకం పెట్టేశారు.

ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చాక సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. అందులో సగం నా మీదే. ఉత్తరం ఇస్తే పనైపోయినట్టే అనుకున్నది నేనే కదా. అప్పటి నుంచి సంతకం కళ్లతో చూడకుండా ఏ పిల్లకూ మాటివ్వలేదు.