మొలకెత్తని సోయకూర

లాక్‌డౌన్ పెట్టిన ఎండాకాలంలో మా పెద్దమ్మాయి ప్రసవించి, పసిదాన్ని ఎత్తుకుని సూరత్‌లో అమ్రోలి దగ్గర మేముండే ఒంటిగదికి వచ్చింది. అల్లుడు కిమ్ అనే ఊళ్లో మిల్లు దగ్గరే చిక్కుకుపోయాడు. మా ఆయన నడిపే మగ్గాలూ ఆగిపోయాయి. అవన్నీ ఒక ఎత్తు, అమ్మాయికి పాలు పడకపోవడం ఒక ఎత్తు. పసిది రొమ్ము పట్టి నాలుగు గుంజులు గుంజి, ఏమీ రాక కందిపోయేలా ఏడ్చేది. తెచ్చుకున్న పాలపొడి డబ్బా అడుగంటింది. దుకాణంలో ఇంకోటి లేదన్నారు. ఆస్పత్రికి పోదామంటే గల్లీకి అడ్డంగా బొంగులు కట్టేశారు.

పై అంతస్తు గుజరాతీ ఆవిడకు మా గోడు చెప్పుకుంటే, బాలింతకు మంచిదని ఒక పొట్లం తాడుకు కట్టి కిందికి దించింది. విప్పి చూద్దును కదా, సోంపులా సన్నగా ఉండే సోయకూర గింజలు! పిడికెడు గింజలు తింటే రెండు పూటలకు అయిపోతాయి, నాటితే రోజూ పప్పులోకి ఆకు వస్తుంది కదా అనుకున్నాను. గింజలకు ఉప్పూ పసుపూ అంటి ఉన్నాయి. మా ఊళ్లో విత్తనాలకు పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచేవాళ్లం. వీళ్లు ఇలా దాస్తారు కాబోలని శుభ్రంగా కడిగి, పగిలిన టబ్బులో మట్టి నింపి చల్లాను.

పని లేని మా ఆయనకు ఆ టబ్బే మగ్గమైంది. పొద్దస్తమానం దాని ముందే కూర్చునేవాడు.

"జర పక్కకు జరుగు. నీ నీడకే మొలుస్తలేవు."

"మొలిస్తె నీ చెయ్యి మంచిది, మొలవకపోతె నా నీడదా తప్పు?"

తడి ఆరకుండా నీళ్లు చిలకరించినా మట్టి మట్టిలాగే ఉంది. ఒకనాడు పై ఆవిడ కిందికి వంగి, టబ్బులో ఏం నాటారని అడిగింది. మీరిచ్చినవేనన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"అరే బెహన్, వో తో ఖానే కే లియే దియా థా!"

ఇక్కడే పెరిగిన మా అమ్మాయి లోపల్నుంచి పకపకా నవ్వింది.

"అమ్మా, గవి బువ్వ తిన్నంక నమిలే గింజలే! ఉప్పు, పసుపు పెట్టి వేయించినయి. వేయించిన గింజలు యాడ మొలుస్తయే?"

"ముందుగాల చెప్తే ఏమాయె?"

"నువ్వు నాకు సూపిస్తివా?"

నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాటడానికి పచ్చి గింజలుంటే ఇమ్మని పై ఆవిడను అడిగాను. ఇంట్లో లేవు, బజారు తెరవాలంది.

పొట్లం మడతల్లో ఇరుక్కున్న గింజలు దులిపి అమ్మాయి అరచేతిలో పోశాను. నములుతూనే పసిదాన్ని రొమ్ముకు పెట్టుకుంది. మా ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గుటక చప్పుడు వినబడుతుందేమోనని ముగ్గురం ఊపిరి బిగపట్టాం. ఒక్క గుటక వినబడింది. ఇంకోటి వస్తుందనుకునేలోపే పసిది రొమ్ము వదిలేసి మళ్లీ గుక్కపెట్టి ఏడ్చింది.